సీటు కింద తీగ

వైశాలి నగర్, భిలాయి
10 మార్చి 1996

అన్నయ్యకి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నేను క్షేమం. వదిన మోకాళ్లకి నూనె రాస్తోందా, లేక సీసా అల్మారాలో పెట్టి దణ్ణం పెడుతోందా?

ఇక్కడ ఒక వింత జరిగింది. మా హథ్‌ఖోజ్ కంపెనీ గెస్ట్‌హౌసు చుట్టూ నాలుగెకరాల గడ్డి మైదానం ఉందని నీకు తెలుసు కదా. మీ బావ పోయాక నాకిచ్చిన మాలీ ఉద్యోగం ఆ గడ్డి మీదే. దానికోసం మా సేఠ్‌జీ విదేశం నుంచి ఒక బండి తెప్పించాడు. తోసుకుంటూ పోయేది కాదు, ఎక్కి కూర్చుని నడిపేది. చిన్న ట్రాక్టరులా ఉంటుంది. స్టీరింగు ఉంది, బ్రేకు ఉంది. పొట్ట కింద ఇనప మూత, ఆ మూత కింద రెండు కత్తులు పంఖాల్లా తిరుగుతాయి. మనం కూర్చుని పోతుంటే కోసిన గడ్డి పక్క గొట్టంలోంచి ఎగిరి పడుతుంది.

మొదట ఎక్కింది మా మేనేజరు దుర్గారావు. అదే, వదిన పెదనాన్న గారి వైపు చుట్టం. కొబ్బరికాయ కొట్టి, నల్లద్దాలు పెట్టుకుని, సేఠ్‌జీ ముందు పెళ్లికొడుకులా కూర్చున్నాడు. పది గజాలు పోయాడు. నేల ఎగుడుదిగుడు కదా, సీటు మీంచి ఒక్క ఎగురు ఎగిరాడు. ఇంజను ఆగిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఎగిరాడు, మళ్లీ ఆగింది. సీటు కింద ఒక స్విచ్చు ఉందట. సీటు మీద మనిషి లేకపోతే ఇంజనూ కత్తులూ రెండూ ఆగిపోతాయట. దుర్గారావు ఒంట్లో ఉన్న బరువు ఆ స్విచ్చుకి చాలలేదు.

మా ముసలి మాలీ అప్పలకొండ బాబాయి ఊరుకోవచ్చు కదా. "బాబూ, మీరు కూకున్నారో నేదో దానికి తెల్డం నేదు" అన్నాడు. సేఠ్‌జీ పగలబడి నవ్వి, "హైమా దీదీ కో బిఠావో" అన్నాడు. నేను కూర్చున్నాను. బండి మైదానం ఆ చివరిదాకా ఆగకుండా పోయింది. నలభై రెండేళ్లకి నా ఒళ్లు ఒక పనికొచ్చింది అన్నయ్యా. ఇక నుంచి ఆ బండి నాదేనట.

నీ చెల్లెలు,
హైమ

విజయనగరం, కంటోన్మెంటు
22 మార్చి 1996

హైమవతికి,

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. దుర్గారావు ఎగిరిన చోట ఆవిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నేను నవ్వలేదు.

ముప్పై నాలుగేళ్లు రైలింజను నడిపినవాణ్ణి. బొగ్గింజను మీద మొదలుపెట్టి డీజిలు మీద దిగాను. నా వెనక అరవై వ్యాగన్లు ఉండేవి. నీ వెనక ఏముంది? చిత్తుగడ్డి. ఆ బండి ఆవు చేసే పని చేస్తోంది, పాలు మాత్రం ఇవ్వదు. దానికొక స్టీరింగు, దానికొక డ్రైవరు, ఆ డ్రైవరు నా చెల్లెలు! మీ మేనేజరుకి బరువు లేదు, నీకు బుద్ధి లేదు. ఇద్దరికీ సరిపోయింది.

మనిషి లేస్తే ఆగిపోయే ఇంజను గురించి నేనెప్పుడూ వినలేదు. డ్రైవరు ఏం చెయ్యాలో డ్రైవరుకి తెలియాలి గానీ సీటుకి తెలియడమేమిటి? బొమ్మలకి పెట్టాల్సినవన్నీ బండ్లకి పెడుతున్నారు.

ఇక్కడ రిటైరైన డ్రైవర్లం సాయంత్రాలు కూడతాం. వాళ్లలో ఒకడి చెల్లెలు హెడ్‌మిస్ట్రెస్, ఇంకొకడి చెల్లెలు నర్సు. మీ హైమవతి ఏం చేస్తోందని అడిగితే నేనేం చెప్పాలి? చీర కట్టుకుని ట్రాక్టరెక్కి గడ్డి కోస్తోందని చెప్పాలా? కొడవలితో కోస్తే కూలి పనైనా పరువుగా ఉండేది. సీటు మీద కూర్చుంటే నలుగురూ చూస్తారు.

దిగిపో. నీకు ఆ మాట సేఠుతో చెప్పే ధైర్యం లేకపోతే నడుం నొప్పి అని చెప్పు. మీ వదిన నిన్ను అడిగానని రాయమంది.

అన్నయ్య,
త్రినాథరావు

వైశాలి నగర్
9 ఏప్రిల్ 1996

అన్నయ్యకి,

నీ ఉత్తరం చేరింది. నర్సు చెల్లెలికీ హెడ్‌మిస్ట్రెస్ చెల్లెలికీ నా నమస్కారాలు చెప్పు.

నువ్వనుకుంటున్నట్టు అది బొమ్మ కాదు. బండితో పాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. ఆఫీసులో టైపు చేసే మణిమాల మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకున్నప్పుడల్లా ఒక పేజీ చదివి చెబుతోంది. వాళ్లది బిలాస్‌పూర్ రైల్వే కుటుంబం, తెలుగు సగం, హిందీ సగం. ఆ పుస్తకంలో బండి ఎలా నడపాలో నాలుగు పేజీలు, ఎలా నడపకూడదో ముప్పై పేజీలు. తిరుగుతున్న కత్తికి కాలికీ గడ్డికీ తేడా తెలియదు అని ఒక చోట రాసి ఉందట. మణిమాల అది చదివి అన్నం మూత పెట్టేసింది.

అందుకని బండి తీసేముందు నేను మైదానమంతా గంప పట్టుకుని నడుస్తాను. మొదటిరోజు ఏం దొరికాయో తెలుసా? నలభై బోల్టులు, వెల్డింగు ముక్కలు, సైకిలు చైను, తలుపు గడియ. ఈ ఊళ్లో మట్టికంటే ఇనుమే ఎక్కువ. దుర్గారావు అరుగు మీంచి చూసి, "ఏటమ్మా, గడ్డి కోస్తావా, గవ్వలేరుకుంటావా?" అన్నాడు. మర్నాడు నాకు సెలవు. ఏరకుండా బండి తియ్యమని డ్రైవరెవరికో చెప్పాడట. గొట్టంలోంచి ఒక నట్టు తూటాలా ఎగిరి గెస్ట్‌హౌసు కిటికీ అద్దం పగిలింది. బయట నుంచి ఎవరో రాయి విసిరారని రిజిస్టరులో రాశాడు. ఆ నట్టు తెచ్చి నేను ఆయన బల్ల మీద పెట్టాను. పేపర్ల మీద బరువుకి వాడుకుంటున్నాడు, సిగ్గు లేకుండా.

మొన్న ఆదివారం పెద్ద ఆఫీసరు భార్య వచ్చింది. ఆవిడ నా వెనక నిలబడి బండి మీద తిరుగుతూ ఫొటో దిగాలట. ఈ బండికి సీటు ఒక్కటే, రెండో మనిషి ఎక్కకూడదు అన్నాను. దుర్గారావు పరుగెత్తుకొచ్చి, "మేడం గారు అడిగితే కాదంటావా, నీకు తల తిరుగుతోందా?" అన్నాడు. ఇంజను ఆపేసి, మేడం, మీరు కూర్చోండి, నేను కింద నిలబడతాను, ఆగి ఉన్న బండి మీద ఎన్ని ఫొటోలైనా దిగండి అన్నాను. ఆవిడ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. దుర్గారావు అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. హాయిగా ఉంది.

హైమ

విజయనగరం
25 ఏప్రిల్ 1996

హైమవతికి,

నీ అంత తెలివైనది మన వంశంలో పుట్టలేదు. పెద్ద ఆఫీసరు భార్యకి చట్టం చెప్పావా? రేపు సేఠుకి కూడా చెబుతావు. ఎల్లుండి ఇంట్లో కూర్చుంటావు. ఆ ఉద్యోగం నీకు ఎలా వచ్చిందో మరిచిపోయినట్టున్నావు. దుర్గారావు మాట సాయం చేయబట్టి వచ్చింది. ఆ మనిషి బల్ల మీద నట్లు పెడతావా?

కత్తికి కాలికీ గడ్డికీ తేడా తెలియదని రాశావే, ఆ ముక్క విన్నప్పటి నుంచి మీ వదిన రోజూ దేవుడి గదిలో కళ్లు తుడుచుకుంటోంది. అలాంటి బండి మీద కూర్చుని నాకు హాస్యాలు రాస్తున్నావు. పుస్తకం చదివించుకుంటే డ్రైవరువి అయిపోతావా? మేము ఫైర్‌మన్లుగా బొగ్గు కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాస్తే అప్పుడు ముట్టనిచ్చారు ఇంజను నడిపే రెగ్యులేటరుని. నీకు టైపిస్టు పిల్ల డబ్బా అన్నం తింటూ నేర్పింది!

నీకు చెప్పడం దండగ. చెయ్యాల్సింది నేనే చేస్తాను.

అన్నయ్య

వైశాలి నగర్
12 జూన్ 1996

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి గంపలో వేశాను, బోల్టులతో పాటు. అందుకే జవాబు ఆలస్యం.

వదినకి చెప్పు, ఏడవక్కర్లేదు. సీటు మీంచి నేను లేస్తే కత్తులు ఆగిపోతాయి. నువ్వు వెక్కిరించిన ఆ స్విచ్చు ఉందే, దాని పని అదే.

ఆ స్విచ్చుతోనే ఇప్పుడు గొడవ. దుర్గారావుకి ఇంకా బండి నడిపే సరదా తీరలేదు. నేను లేనప్పుడు ఎక్కుతాడు, ఎగురుతాడు, బండి ఆగుతుంది, కాంటీను వాళ్లు నవ్వుతారు. పోయిన వారం సోమవారం సీటు ఎత్తి చూస్తే స్విచ్చుకి రాగి తీగ చుట్టి ఉంది. అంటే సీటు మీద ఎవరూ లేకపోయినా ఎవరో ఉన్నారనే అనుకుంటుంది బండి. విప్పేశాను. బుధవారం మళ్లీ ఉంది. విప్పి, తీగ తీసుకెళ్లి ఆయనకే ఇచ్చాను.

"ఇది ఎవరు కట్టారు?"

"నానే కట్టినాను. అయితే ఏటి? బండి నీ పుట్టింటోళ్లు కొన్నారా?"

"మీరు పడితే కత్తులు ఆగవండీ."

"నాను పడతానా? నాను నీలాగ ఆడదాన్నా?"

ఇదీ మా మేనేజరు గారి ఇంజినీరింగు. నువ్వు చూస్తే ముచ్చటపడేవాడివి, మీ ఇద్దరి మాటా ఒకటే.

వానలు దగ్గరపడ్డాయి. గెస్ట్‌హౌసు వెనక నేల చెరువు వైపు వాలుగా ఉంటుంది. తడిగా ఉంటే ఆ వాలు మీద బండి తియ్యను. ఆరాక కూడా నిలువునా ఎక్కి దిగాలి గానీ అడ్డంగా పోకూడదు, జారి పక్కకి పల్టీ కొడుతుందని పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. అప్పలకొండ బాబాయికి ఆ బొమ్మ చూపించాను. "మనిసి ముకం సూడు, ఎంత బాగా ఏసినారో" అని నవ్వాడు.

హైమ

విజయనగరం
12 జూలై 1996

హైమవతికి,

నీ అంతట నువ్వే ఆ బండి దిగిపోయావని తెలిసి మాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాకు రాయడానికి నీకు నామోషీగా ఉండి ఉంటుంది. పరవాలేదు. నాకు అన్నీ తెలుస్తాయిలే. మూడు నెలలు మీసం లేని డ్రైవరులా తిరిగావు, చాలు. బుద్ధి రావడానికి ఆలస్యమైనా వచ్చింది కదా.

మీ వదిన ఈ మాట వినగానే పైడితల్లి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టింది. నీ కోసం ఒక నేత చీర కొని ఉంచింది, ఎవరైనా అటు వస్తే పంపుతాం. ఇక మీద మొక్కలకి నీళ్లు పోసుకో, పూలు కోసుకో. ఆడవాళ్లకి తగిన పని.

నేను అన్నది చివరికి జరిగింది. జరుగుతుంది కూడా.

అన్నయ్య

వైశాలి నగర్
24 జూలై 1996

అన్నయ్యకి,

నేను దిగలేదు. నన్ను దింపేశారు. జూలై ఒకటో తారీకున దుర్గారావు పిలిచి, ఇక నుంచి బండి అప్పలకొండ నడుపుతాడు, నువ్వు కుండీలు చూసుకో అన్నాడు. కారణం అడిగితే, "మీ ఇంటోళ్లకే ఇష్టం నేదట, మాకెందుకు?" అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరం వచ్చాక అయింది. నేను నీకు రాయని సంగతి నీకెలా తెలిసింది అన్నయ్యా?

దానికి జవాబు తరవాత రాద్దువు గాని. ముందు ఇది విను.

పదహారో తారీకు పొద్దున్న వాన పడి వెలిసింది. సాయంత్రం అతిథులు వస్తారని, వెనక వాలు మీద గడ్డి కోసెయ్యమని దుర్గారావు అప్పలకొండ బాబాయిని తొందరపెట్టాడు. నేను కుండీల దగ్గర నుంచి కేకేశాను, తడి ఆరలేదు, ఇవాళ వద్దు అని. దుర్గారావు వినిపించనట్టు లోపలికి పోయాడు. బాబాయి నా వైపు చూసి చెయ్యి ఊపాడు, ఏమీ కాదులే అన్నట్టు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఒకరి మాట కాదని ఎరగడు. ఎక్కాడు. వాలుకి అడ్డంగా పోయాడు.

బండి జారింది. బాబాయి సీటు మీంచి కిందికి జారి పడ్డాడు. ఇంజను ఆగాలి. ఆగలేదు. బండి ఆయన కాలి మీదికి వచ్చింది. నేను పరుగెత్తి వెళ్లి ఆపేసరికి అయిపోయింది. చెప్పు ఒక చోట ఉంది, కుడికాలి మూడు వేళ్లు లేవు. నా కొంగు చింపి కట్టాను. "అమ్మీ, బండికేటీ అవనేదు కదా?" అని అడిగాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆయన్ని కారులో ఎక్కించాక వచ్చి సీటు ఎత్తాను. తీగ ఉంది. మణిమాలని పిలిచి చూపించాను. మేమిద్దరం చూస్తూ ఉండగానే దుర్గారావు వచ్చి, ముట్టుకోకండి అని మమ్మల్ని పంపేశాడు. గంట తరవాత చూస్తే తీగ లేదు.

ఇప్పుడు ఒక కాగితం తయారు చేశారు. బండి హైమవతి చేతిలో ఉండేదని, తీగ ఆవిడే కట్టిందని, అప్పలకొండ ఎవరినీ అడగకుండా సొంతంగా ఎక్కాడని. సంతకం పెడితే నీ ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు దుర్గారావు. పెట్టకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. మూడు వేళ్లు పోగొట్టుకున్నవాడిదే తప్పంటే, ఆయన మందులకి కూడా కంపెనీకి సంబంధం ఉండదు. ఆయన భార్య నూకమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నన్ను చూసి తల తిప్పుకుంటోంది. తీగ నేనే కట్టానని ఆవిడకి అప్పుడే ఎవరో చెప్పేశారు.

హైమ

విజయనగరం
1 ఆగస్టు 1996

హైమవతికి,

దుర్గారావుకి ఉత్తరం రాసింది నేనే. నా చెల్లెల్ని ఆ బండి మీంచి దింపండి, బతిమాలుతున్నాను అని జూన్ నెలాఖరులో రాశాను. ఆయన దింపి, నాకు జవాబు రాశాడు. నీ అంతట నువ్వే దిగావని అందులో ఉంది, నేను నమ్మాను. నీ మేలు కోరే రాశాను. నువ్వే ఆ వాలు మీద ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

జరిగింది జరిగిపోయింది. అతని వేళ్లు తిరిగి రావు. నీకు భర్త లేడు, బిడ్డలు లేరు. ఆ ఉద్యోగం పోతే ఏం చేస్తావు? పెద్దవాళ్లతో మనకెందుకు? కాగితం మీద సంతకం అంటే ఏముంది, సిరా. నాలుగు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు. నా మాట విని పెట్టెయ్యి.

అన్నయ్య

వైశాలి నగర్
9 ఆగస్టు 1996

త్రినాథరావు గారికి,

మీ సలహా అందింది. సంతకం పెట్టను.

నేను ఆ వాలు మీద ఉంటే ఏమయ్యేదో ఆలోచించమన్నారు. ఆలోచించాను. నేను తడి నేల మీద బండి తీసేదాన్ని కాదు. నేను ఎక్కేముందు సీటు ఎత్తి చూసేదాన్ని. నన్ను దింపించి మీరు కాపాడింది నన్ను కాదు, మీ సాయంత్రాల పరువుని. దానికి ఖరీదు ఇంకొకడి కాలు.

ముప్పై నాలుగేళ్లు ఏం నడిపారో గానీ, మీకంటే దుర్గారావు నయం. అతను తీగ ఒక్కటే కట్టాడు.

ఇరవై ఎనిమిదిన విచారణ. సేఫ్టీ ఆఫీసరు మనోజ్‌కుమార్ అని ఒకాయన వస్తాడట. నేనూ మణిమాలా తీగ చూశాం అని చెబుతాం. అటు పక్క మేనేజరు మాట, ఇటు పక్క ఒక మాలీ, ఒక టైపిస్టు. ఎవరిని నమ్ముతారో మీకు తెలుసు, నాకూ తెలుసు.

చీర పంపకండి. ఉత్తరాలు కూడా.

హైమవతి

విజయనగరం
17 ఆగస్టు 1996

హైమా,

రాయవద్దన్నావు. ఇది చదివి చింపెయ్యి, కానీ చదువు.

ఇరవై రెండేళ్ల కిందట నేనొక చిన్న స్టేషను యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ మారుస్తూ షంటింగు చేస్తున్నాను. పేరు రాయను. పాయింట్స్‌మన్ బలరాం రెండు వ్యాగన్ల మధ్య కొక్కెం తగిలిస్తున్నాడు. అతను బయటికొచ్చి చెయ్యి ఊపాక నేను ఇంజను కదపాలి. అది నియమం. నాకు విసుగొచ్చింది. వాడెప్పుడూ ఇంతే, నత్త అనుకుని కదిపాను. అతని కుడిచెయ్యి మోచేతి దాకా నలిగిపోయింది.

విచారణలో బలరాం చెయ్యి ఊపాడని చెప్పాను. కింద సంతకం పెట్టాను. నేను సీనియర్ డ్రైవర్ని, నా మాట నమ్మారు. అతను మిగిలిన ఎడమ చేత్తోనే నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. సంతకం అంటే సిరా అని నీకు రాశానే, అది అబద్ధం. ఆ సిరా ఇంకా ఆరలేదు. మీ వదినకి కూడా తెలియదు ఈ సంగతి.

నువ్వు బండి ఎక్కావని రాసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. భయమేస్తోందని రాయడం చేతకాలేదు. వెక్కిరించడం చేతనవును, అదే రాశాను. మన నాన్న కూడా అంతే కదా.

దుర్గారావు జూలై మూడున నాకు రాసిన ఉత్తరం దీంతో పెడుతున్నాను. అసలుదే. అందులో నన్ను మెప్పించడానికి తన తెలివి కూడా రాసుకున్నాడు, చూడు. దీన్ని బయటపెడితే నిన్ను దింపమని బతిమాలింది నేనేనని నలుగురిలో తెలుస్తుంది. నువ్వు తల దించుకోవలసి వస్తుంది. పోయిన ఉత్తరం రాసేటప్పుడు అందుకే దాచాను. మీ వదిన పుట్టింటివాళ్లతో మాటలు ఉండవు, అది కూడా ఆలోచించాను. ఇవాళ ఆలోచించడం మానేశాను.

బలరాం బొబ్బిలిలో ఉన్నాడట. వెళ్లాలి.

త్రినాథం

వైశాలి నగర్
14 అక్టోబరు 1996

అన్నయ్యకి,

నీ ఉత్తరం చింపలేదు. జవాబుకి రెండు నెలలు పట్టింది. కోపం పోక కాదు, ఇంకా ఉంది. చెప్పదగ్గది ఏదైనా జరిగాక రాద్దామని.

విచారణ ఆఫీసు గదిలో జరిగింది. దుర్గారావు ఇస్త్రీ బట్టలు వేసుకొచ్చి, తీగ అనేదే లేదు, ఉంటే ఆవిడే కట్టి ఉంటుంది అన్నాడు. అప్పుడు నేను ఉత్తరం తీశాను. మనోజ్‌కుమార్‌కి తెలుగు రాదు. మణిమాల నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చదివి హిందీలో చెప్పింది. "స్విచ్చుకి తీగ చుట్టి ఆ పీడ వదిలించాను. ఇక మనిషి ఉన్నా లేకున్నా బండి ఆగదు. ముసలాడైనా నడపగలడు. మీ చెల్లెలు తనంతట తనే దిగింది, మీరు నిశ్చింతగా ఉండండి." మనిషి ఉన్నా లేకున్నా అన్న చోట ఆయన ఆపి, ఫిర్ సే పఢియే అన్నాడు. మణిమాల మళ్లీ చదివింది. దుర్గారావు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఈ ఉత్తరం ఎవరికి రాశారు అని నన్నడిగారు. మా అన్నయ్యకి, నన్ను దింపమని అడిగింది ఆయనే అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. నువ్వు రాసినట్టే తల దించుకున్నాను. తరవాత ఎత్తుకున్నాను.

తప్పు అప్పలకొండ బాబాయిది కాదని రాశారు. వైద్యం కంపెనీదే. ఆయనకి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. నూకమ్మ మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నాను తప్పు అనుకున్నాను" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. దుర్గారావుని ఉద్యోగంలోంచి తియ్యలేదు. సేఠ్‌జీ ఇంకో గోదాముకి మార్చాడు, పూలదండ వేసి పంపారు. న్యాయం ఇక్కడ ఆ మాత్రమే దొరుకుతుంది.

బండిని మళ్లీ నన్నే నడపమన్నారు. కొత్త స్విచ్చు బిగిస్తే గానీ ఎక్కనన్నాను. అది విదేశం నుంచి రావాలట. రాకపోతే మీ అతిథులు అడవిలో నడుస్తారు అన్నాను. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ బండి టార్పాలిన్ కిందే ఉంది, గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. నేనూ ఇంకో ఇద్దరూ కొడవళ్లతో కోసిన మేర కోశాం. సేఠ్‌జీ ఒకటికి రెండుసార్లు అరిచాడు. అరవనీ.

బొబ్బిలి వెళ్లావా? రాయలేదేం? వెళ్లకపోతే నాకు ఉత్తరం రాయకు. వెళితే బలరాం ఏమన్నాడో ఒక్క ముక్క మార్చకుండా రాయి. తిట్టినా సరే.

నిన్న స్విచ్చు వచ్చింది. మెకానిక్ బిగించి, సీటు మీంచి లేచి చూపించాడు. కత్తులు ఆగాయి. మూడుసార్లు లేపించాను. ఇవాళ ఎండ బాగా కాసింది. గంప పట్టుకుని నడిచాను, వాలు నిలువునా కోశాను, గేటు దాకా ఒక్క గీతా వంకర పోలేదు. కాంటీనువాళ్లు బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. మణిమాల ఆఫీసు కిటికీలోంచి కేకలేసింది. నీకు అబద్ధం ఎందుకు, నాకు గర్వమొచ్చింది. ఆ గర్వంలోనే దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, దొరసానిలా అరుగు మీదికి వెళ్లి టీ గ్లాసు అందుకున్నాను.

అప్పలకొండ బాబాయి గేటు దగ్గర నుంచి లేచాడు. కర్ర ఆనించుకుంటూ మైదానం దాటి బండి దగ్గరికి వెళ్లాడు. ఏదో చేశాడు. మళ్లీ కర్ర ఆనించుకుంటూ అరుగు దాకా వచ్చి, బండి తాళంచెవి నా గ్లాసు పక్కన పెట్టాడు.

"దీన్ని దానికే వొగ్గీసినావు అమ్మీ. ఎవులైనా తెలీక ఎక్కితే?"

అంతే అన్నాడు అన్నయ్యా. అందరినీ ఇన్ని మాటలన్నదాన్ని నేను, నన్ను ఒక్క మాట తిరిగి అనలేదు. ఆయన గొంతులో వెటకారం వెతికాను, లేదు. మనింట్లో తప్పు చేస్తే ఎవరైనా ఇలా చెప్పారా ఎప్పుడైనా? నాన్నా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన్ని కూర్చోమని నా టీ ఆయనకిచ్చాను. తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

నీ చెల్లెలు,
హైమ